దొరకని లంక మూసివేత

ఈ దేశంలో ఏ పనినైనా మొదలుపెట్టడానికి ఒక కొబ్బరికాయ చాలు. ఆపడానికి కొట్టవలసిన కాయ ఏదో ఇంతవరకు ఏ శాస్త్రంలోనూ చెప్పలేదు. అందుకే మన ఊళ్ళలో మొదలైన పనులు చాలావరకు ఆగవు. జరగవు కూడా. ఆ రెండింటికీ మధ్య అవి హాయిగా ఉంటాయి, వాటితో పాటు మనమూ ఉంటాం. (భగవంతుడు సృష్టి మొదలుపెట్టి ఇంతవరకు ఆపకపోవడానికి ఇదే కారణమా అని అడగాలనిపిస్తుంది గానీ, అడిగితే బాగుండదు.)

ఏలూరులో ఉండే సంహితకు ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

సంహిత ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంది. భర్తది బ్యాంకు ఉద్యోగం. మామగారు సుబ్బరామయ్యగారు రామాలయంలో అర్చకులు. పిల్లలకు పాఠం చెప్పగా మిగిలిన తెలుగుతో ఆమె 'దొరకని లంక' రాసింది. అది ఫోనులో చదివే బొమ్మల కథ. తెర మీద ఒక బొమ్మ వస్తుంది, దాని కింద ఎవరో మాట్లాడతారు, ఆ మాటల కింద రెండు మూడు మీటలుంటాయి. మనం ఏ మీట నొక్కితే కథ ఆ దారిన పోతుంది. తెలిసినవాళ్ళు దీన్ని విజువల్ నావెల్ అంటారు. ఏలూరులో 'ఆ అమ్మాయి ఫోనులో ఏదో చేస్తోంది' అంటారు.

కథ మాటలు సంహితవి, బొమ్మలు తాడేపల్లిగూడెం రఫీవి. రఫీ తండ్రి మదార్‌గారు బియ్యం లారీల వెనక పేర్లూ కొబ్బరిచెట్లూ సూర్యోదయాలూ వేసి పిల్లల్ని పెంచారు. ఇప్పుడు లారీల మీద సూర్యుడు కూడా స్టిక్కరుగానే ఉదయిస్తున్నాడు కాబట్టి, ఆ పనితనం కొడుకు ద్వారా ఈ కథలోకి వచ్చింది. కొల్లేటి మీద ఒక కుర్రాడు దోనె వేసుకుని, నీళ్ళు పెరిగితే మాయమై తగ్గితే తేలే ఒక లంక కోసం వెతుకుతుంటాడు. ఇంటింటికీ వెళ్ళి అడుగుతాడు. ఎవరూ చెప్పరు. అందరూ మర్యాద చేస్తారు.

అందరూ ఎందుకు మర్యాద చేస్తారంటే, ఆ ఇళ్ళలో ఉన్నది మద్దతుదారులు. ఇలాంటి వాటికి అండగా నిలిచేవాళ్ళ కోసం 'వెన్నుదన్ను' అని ఒక యాప్ ఉంది. అందులో చేరి మద్దతిచ్చిన ప్రతివారి ముఖాన్నీ కథలో ఒక పాత్రకు పెడతామని ఇద్దరూ మొదట్లోనే మాటిచ్చారు. పెట్టారు. ఆ తర్వాత తెలిసిందేమంటే, కథలో ఒక దుర్మార్గుడు కావాలి, ఆ ముఖం ఇవ్వడానికి ఎవరూ సిద్ధంగా లేరు. చివరికి దుర్మార్గుడు లేకుండానే కథ నడిచింది. నాలుగేళ్ళు నడిచినా, సమీక్షలు రాసే పెట్టెలో 'మొదటి సమీక్ష మీరే రాయండి' అన్న వాక్యం ఒక్కటే ఉండిపోయింది. మద్దతుదారులు ఎక్కడ కనిపించినా "మీరు చేయండమ్మా, మేమున్నాం" అనేవారు. ఉన్నారు కూడా. చదవలేదు, అంతే.

నవరాత్రులకు ముందు ఒక ఆదివారం రఫీ ఎప్పటిలాగే పాసింజరులో ఏలూరు వచ్చాడు. స్టేషను బయట టీ కొట్టు దగ్గర వాళ్ళు పని మాట్లాడుకునేవారు.

"గూడెంలో ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రమ్మన్నారండీ. నాన్నకి కళ్ళు కనిపించట్లేదు మరి. మనది ఇంక ఆపేద్దామంటారా?" అన్నాడు రఫీ.

"మంచిదేనండీ. వెళ్ళండి," అంది సంహిత.

రఫీ టీ గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తీసి, ఖాళీ అని చూసుకుని, మళ్ళీ పెట్టాడు. ఇంకో మాట ఏదైనా వస్తుందని చూస్తున్నట్టున్నాడు. రాలేదు. ఇల్లు నిలబెట్టుకునే మనిషికి అడ్డుపడకూడదని సంహిత అభిప్రాయం. మంచి అభిప్రాయమే. దాన్ని పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళి, ఆ సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ స్కూలు వారికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడా పనిచేయని వాళ్ళను అనుభవం లేదని తీసుకోరు, ఎక్కడో పనిచేస్తున్నవాళ్ళను విడుదల కాలేదని తీసుకోరు. రఫీ తన అనుభవం కింద 'దొరకని లంక' అని నిజాయితీగా రాశాడు. కనుక ఆ లంక నుంచి విడుదలైనట్టు పత్రం తేవాలి. దసరా సెలవులయ్యి బడి తెరిచేనాటికి పత్రం చేతికి రాకపోతే ఆ ఉద్యోగం నిడదవోలు నుంచి వస్తున్న మరో మాస్టారికి పోతుంది. ఆ మాస్టారు ఎక్కడి నుంచో ఇప్పటికే విడుదలై ఉన్నారట. ఏ పనీ లేకుండా విడుదలై ఉండటం కన్నా పెద్ద అర్హత లేదని స్కూలు కరస్పాండెంటుగారే స్వయంగా చెప్పారు.

పత్రం ఇవ్వవలసింది 'వెన్నుదన్ను'. అక్కడ ఈ వ్యవహారాలు చూసేది నిష్క్రమణ సౌకర్యాల ఉపాధికారి హేమంత్‌కుమార్‌గారు. ఆయన ఫోను చేసి చాలా మర్యాదగా నియమాలు వివరించారు. మూసేముందు మద్దతుదారులకు కథలోనే, వారి ముఖాలతో సహా, కృతజ్ఞత చెప్పాలి. ఒకసారి చెప్పాక వారి పాత్రల మాటలు వారి అనుమతి లేకుండా తీసేయకూడదు. చివరిది, చాలా చిన్నది: లోపల ఒక్క పాఠకుడున్నా కథను మూయకూడదు.

"అది సమస్యే కాదండీ. మా దాంట్లో ఎప్పుడూ ఎవరూ ఉండరు," అంది సంహిత.

"అయితే మీది తేలిగ్గా అయిపోతుందండీ," అని ఆయన సంతోషించారు.

సంహితా రఫీ కూర్చుని చివరి దృశ్యం రాశారు. కుర్రాడు లంక వెతకడం చాలించి, తిరిగి వెళ్ళిపోతూ, ఇన్నాళ్ళూ ఆదరించిన ఇళ్ళకు వెళ్ళి కృతజ్ఞతలు చెబుతాడు. ప్రతి ఇంటి దగ్గరా 'వెళ్ళొస్తానండీ' అని ఒక మీట. నొక్కితే ఆ ఇంటివారు "సరే, మంచిది" అంటారు. దోనె కదులుతుంది. ముందుగా మద్దతుదారులకు చూపించారు, మర్యాద కోసం.

మర్నాడు పొద్దున్నే ఆకివీడు నుంచి దేవసహాయంగారు ఫోను చేశారు. ఆయనకు చేపల చెరువులూ ఐసు మిల్లూ ఉన్నాయి. అందరికన్నా ముందు మద్దతిచ్చింది ఆయనే.

"అమ్మా, బొమ్మ బాగా కుదిరింది. మీసం మరీ బాగుంది. కానీ ఆ కుర్రాడు వెళ్తానంటే నేను సరే అంటానేంటమ్మా? పులుసన్నం తినకుండా మా గుమ్మం దిగిన మనిషి లేడు. ఆకివీడంతా చూస్తుంది. మా బావమరిది ఒక్కడు చూస్తే చాలు, నేను ఊళ్ళో తిరగలేను."

ఇందులో తప్పేముంది? సంహిత మార్చింది. 'వెళ్ళొస్తానండీ' నొక్కితే దేవసహాయంగారు శీలావతి చేప పులుసుతో భోజనం పెట్టి పంపుతారు. ఆ మార్పు చూసి కామవరపుకోట నుంచి చంద్రకళగారు ఫోను చేశారు. ఆవిడ రిటైరైన టీచరు, జీడితోట ఉంది.

ఆవిడ నెమ్మదిగా, ఒక చిన్న తరగతికి చెబుతున్నట్టు చెప్పారు. దేవసహాయంగారు భోజనం పెట్టాక తాను మంచినీళ్ళిచ్చి పంపితే అది పంపడం కాదు, తోలేయడం. పైగా ఎండలో పంపడమేమిటి? కాసేపు నడుం వాల్చమనాలి. లేచాక జీడిపప్పు పాకం, కాఫీ. అదీ న్యాయమే. సంహిత అదీ రాసింది. మంచం మీద దుప్పటి గళ్ళతో సహా రఫీ బొమ్మ వేశాడు. మిగిలిన మద్దతుదారులు కూడా ఒకరి తర్వాత ఒకరు తమ ఇళ్ళ గౌరవానికి తగ్గట్టు కోరికలు పంపారు. ఒకాయన వానొచ్చేలా ఉందని కుర్రాణ్ణి ఆ పూటకు ఆపేశాడు. (వాన వస్తుందని కథలో ఎక్కడా లేదు. ఆయన చెప్పాడు కాబట్టి వచ్చింది.)

ఆఖరున మళ్ళీ చంద్రకళగారి ఫోను. "అంతా బాగుందమ్మా. కానీ అందరికన్నా ముందు చేయూతనిచ్చిన మనిషి దేవసహాయంగారు. బయల్దేరేటప్పుడు ఆయనకి ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోతే ఏమనుకుంటారు?"

నిజమే కదా అనుకుంది సంహిత. చివరి ఇల్లు దాటగానే కుర్రాడు దోనె తిప్పుకుని, వెళ్ళేముందు చెప్పి వెళదామని దేవసహాయంగారి రేవుకు వస్తాడు. వచ్చిన మనిషిని దేవసహాయంగారు తినకుండా పంపరు. తిన్న మనిషిని చంద్రకళగారు ఎండలో వదలరు.

సంహిత ఆ దృశ్యాన్ని రెండుసార్లు సరిచూసింది. రఫీ ఒకసారి చూశాడు. తప్పేమీ కనిపించలేదు. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ చుట్టాలిళ్ళ నుంచి బయల్దేరింది ఆ పద్ధతిలోనే. ఇంకే జిల్లావాళ్ళు చూసినా ఇది చక్రంలా తిరుగుతోందని వెంటనే పట్టేసేవారు. గోదావరి వాళ్ళకు అది వీడ్కోలులాగే కనిపించింది.

నవరాత్రుల మొదటిరోజున దృశ్యం విడుదలైంది. తమ ఇంటి మర్యాద ఎలా వచ్చిందో చూసుకోవాలి కాబట్టి మద్దతుదారులు నాలుగేళ్ళలో మొదటిసారి కథ తెరిచారు. బంధువులకు పంపారు. వాళ్ళు తమ బంధువులకు పంపారు. అందరూ లోపలికి వెళ్ళారు. ఎవరూ బయటికి రాలేదు. ఎవరూ ఫిర్యాదూ చేయలేదు. పులుసన్నం తిన్నారు, నడుం వాల్చారు, కాఫీ తాగారు, వానకు ఆగారు, చెప్పి వెళదామని మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ పులుసన్నం తిన్నారు. భీమడోలులో ఒకావిడ ఫోనును అలాగే తెరిచి గట్టు మీద పెట్టుకుని వంట చేసుకుందట. మధ్యలో మూసేస్తే వాళ్ళేమనుకుంటారో అని.

హేమంత్‌కుమార్‌గారు ఫోను చేశారు.

"అభినందనలండీ. మీ కథలో జనం ఉన్నారు."

"వాళ్ళు ఉండటం లేదండీ. వెళ్ళలేకపోతున్నారు," అంది సంహిత.

"ఏ కారణం చేత ఉన్నా ఉన్నట్టేనండీ. పైగా మా వాళ్ళు మీ కథని ఈ వారం ఆదరణ పొందినవాటిలో మొదట పెట్టారు. ఇంతసేపు పాఠకుణ్ణి కూర్చోబెట్టిన కథ మా దగ్గర ఇంకోటి లేదు. ఇప్పుడు మూయడం కుదరదండీ. మూయాలనుకున్నప్పుడే ఇంత బాగా నడపగలిగారంటే, నడపాలనుకుంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి."

సంహిత ఆలోచించింది. నాలుగేళ్ళు నడపాలనుకుంటూనే నడిపారు. అప్పుడు ఎలా ఉందో ఆమెకు తెలుసు.

ఆదరణ జాబితాలో పేరు చూసి మరింత మంది వచ్చారు. నవరాత్రులు గడుస్తున్నాయి. రఫీ గూడెం నుంచి ఫోను చేసి, నిడదవోలు మాస్టారు స్కూలు చూసి వెళ్ళారనీ, డ్రాయింగు గది కిటికీ ఎటువైపు ఉందో కూడా అడిగారనీ చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే సంహితకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇద్దరూ మద్దతుదారులకు ఫోన్లు చేశారు. మూడోసారి వచ్చినప్పుడైనా కుర్రాణ్ణి దయచేసి పంపేయమని బతిమాలారు. దేవసహాయంగారు ముందు పంపితే తానూ పంపుతానని చంద్రకళగారు అన్నారు. ఆడవారికే మొదటి మర్యాద కాబట్టి ముందు టీచరుగారే పంపాలని దేవసహాయంగారు అన్నారు. వాన ఆయన, అది తన చేతిలో లేదన్నారు.

మాటలు తీసేయడానికి వీల్లేదు. ఒక కొత్త పాత్రను చేర్చడానికి మాత్రం నియమం ఒప్పుకుంటుంది, దాని ముఖం ఒక నిజమైన మనిషిది కావాలి, ఆ మనిషి ఒప్పుకోవాలి. పని చాలా చిన్నది. రేవులో నిలబడి, కుర్రాడు 'వెళ్ళొస్తానండీ' అన్నప్పుడు, భోజనం ఊసెత్తకుండా వెళ్ళమనాలి. సంహిత కాలేజీలో అడిగింది. రఫీ మార్కెట్ యార్డులో అడిగాడు. ఇంత జిల్లాలో ఆ ముఖానికి మనిషి దొరకలేదు. నాలుగేళ్ళ కింద దుర్మార్గుడి పాత్ర వద్దన్న ఒకాయన, ఇప్పుడు కావాలంటే అది చేస్తాను గానీ ఇది మాత్రం చేయలేనన్నాడు. చివరికి సంహిత హేమంత్‌కుమార్‌గారినే అడిగింది.

"నిష్క్రమణ నా ఉద్యోగమండీ, కాదనను. కానీ మాది పాలకొల్లు. మా అమ్మ చూస్తుంది."

దశమి మర్నాడు పొద్దున్న సుబ్బరామయ్యగారు ఇంట్లో అమ్మవారికి ఉద్వాసన చెబుతున్నారు. తొమ్మిది రోజులు దీపం కొండెక్కకుండా, పూటపూటా నైవేద్యం పెట్టి కొలిచిన కలశం. ఆయన మంత్రం చెప్పి, కలశాన్ని పీట మీద రెండు చేతులా పట్టుకుని కాస్త పక్కకు కదిపారు. అయిపోయింది. లేచి కండువా దులుపుకున్నారు.

సంహిత చూస్తూ నిలబడింది. "అంతేనా మామయ్యగారూ?"

"అంతేనమ్మాయ్."

"ఇంకో పూట ఉండమని అనరా?"

సుబ్బరామయ్యగారు ఆలోచించారు. అర్చకత్వంలో తలనెరిసినా ఈ ప్రశ్న ఆయనకు ఎదురైనట్టు లేదు. "పిలిచినప్పుడే చెప్పుకున్నాం కదా, ఇన్నాళ్ళని. మళ్ళీ రమ్మంటాం. ఆవిడకి వెళ్ళవలసిన ఇళ్ళు ఇంకా ఉంటాయి, పట్టుకుని కూర్చుంటే ఎలా?" అన్నారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆవిడకి మనసులో ఏమనిపిస్తుందో మాత్రం నాకూ తెలీదమ్మాయ్. ఇన్నేళ్ళూ అడగలేదు," అన్నారు.

సంహిత రఫీకి ఫోను చేసి రమ్మంది. మధ్యాహ్నానికి వచ్చాడు. కొత్త పాత్రకు తన ముఖం వేయమంది. అతను వసారాలో కూర్చుని టాబ్లెట్ మీద వేయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో మద్దతుదారులందరి ముఖాలూ వేశాడు గానీ ఆమెది ఎప్పుడూ వేయలేదు. అయినా ఒక్క గీతా చెరపవలసి రాలేదు. వెనక కొల్లేరు వేశాడు, నీళ్ళలో గూడకొంగ ఒకటి. తండ్రి లారీల మీద వేసే సూర్యుడు.

"కింద మాట ఏం పెట్టమంటారు?" అన్నాడు.

"మంచిదేనండీ. వెళ్ళండి. అని పెట్టండి."

రఫీ తలెత్తి చూశాడు. తర్వాత తల దించుకుని, అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టాడు.

"దీనికింద మీట ఏమైనా కావాలాండీ?"

"వద్దండీ. మీట ఉంటే మళ్ళీ ఏదో ఒకటి నొక్కుతారు."

సాయంత్రానికి కొత్త పాత్ర రేవులో నిలబడింది. పాఠకులు చెప్పి వెళదామని దేవసహాయంగారి దగ్గరికి బయల్దేరేచోట ఆమె ఎదురైంది. మంచిదేనండీ, వెళ్ళండి, అంది. వాళ్ళు కాసేపు ఆగారు. తెరను అటూ ఇటూ తోసి చూశారు. ఇంకేమీ రాలేదు. ఒక్కొక్కరుగా బయటికి వెళ్ళిపోయారు. మర్నాటికి లోపల ఎవరూ లేరు. భీమడోలు ఆవిడ ఆఖరున వెళ్ళిందని హేమంత్‌కుమార్‌గారు చెప్పారు. 'దొరకని లంక' మూసేశారు. రఫీకి విడుదల పత్రం వచ్చింది. బడి తెరిచిన రోజున నిడదవోలు మాస్టారి కన్నా ముందు వెళ్ళి చేరాడు. కిటికీ ఉత్తరం వైపే ఉందట, బొమ్మలకు వెలుతురు బాగుంటుందని మెసేజీ పెట్టాడు.

మద్దతుదారులకు సంహిత విడివిడిగా ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పింది. దేవసహాయంగారు ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. "అంతా బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆ ఆఖర్న నిలబడిన పిల్ల ఎవరోగానీ, పెంపకం మాత్రం బాలేదు. మన వైపు మనిషి కాదనుకుంటా," అన్నారు. చంద్రకళగారు ఏమీ అనలేదు. టీచరుగా పనిచేసినవాళ్ళు ఏమీ అనకపోతే ఏమిటో విద్యార్థులకు తెలుస్తుంది.

'వెన్నుదన్ను' నియమం ప్రకారం మూసివేసిన కథకు సమీక్షల పెట్టె మాత్రం ఒక వారం తెరిచే ఉంటుంది. ఎందుకుంటుందో హేమంత్‌కుమార్‌గారికి కూడా తెలియదు. ఆ వారం చివర్న సంహిత ఊరికే తెరిచి చూసింది. 'మొదటి సమీక్ష మీరే రాయండి' అన్న వాక్యం లేదు. దాని చోట సమీక్ష ఉంది.

'మొత్తం చదివాను. బొమ్మలు నావే కనుక వాటి సంగతి చెప్పను. కథ చాలా బాగుంది. ఆఖరి మనిషి ఉండమని ఒక్కసారి అని ఉండాల్సింది. వెళ్ళేవాడు ఎలాగూ వెళ్ళేవాడే. రఫీ, తాడేపల్లిగూడెం.'

కింద, ఈ సమీక్ష మీకు ఉపయోగపడిందా అని అడిగి, అవును, కాదు అని రెండు మీటలు ఇచ్చారు. సంహిత కాసేపు చూసి, అవును నొక్కింది.

కథ మూసివేయబడినందున మీ మాట చేరవేయలేకపోతున్నాం అని వచ్చింది.